మూతెడు మందు, బక్కెట్టు నీళ్లు

పోయిన దసరా వెళ్లాక ఒక రాత్రి నాన్న ఫోన్ చేశాడు. బాగున్నావా, తిన్నావా అన్న మాటల్లేవు. "కల్తీ మందు అంటగట్టాడ్రా వాడు" అన్నాడు ఎత్తుకుంటూనే. మిరపకి కొట్టే మందేమో అనుకున్నాను. కాదు, గోమార్ల మందు, గొడ్ల రక్తం తాగే పిడుదులకి పట్టేది. మూడు వారాలుగా ప్రతి ఆదివారం పట్టిస్తున్నాడట. మర్నాడు నాలుగు రాలుతున్నాయట, బుధవారానికి మళ్లీ చెవుల నిండా వేలాడుతున్నాయట. వీధిలో ఇంకో ఇద్దరిదీ అదే గోల. ముగ్గురూ సీసాలు పట్టుకుని కొట్టు మీదికి పోదామనుకుంటున్నారు. నేను వస్తే నాలుగు ఇంగ్లీషు ముక్కలు మాట్లాడి వాణ్ణి బెదిరిస్తానని కబురు.

నేను హైదరాబాదులో అకౌంట్లు రాసుకునే మనిషిని. ఆ రెండు వారాలూ ఎక్కణ్ణించైనా పని చేసుకునే వీలుంది గనక ఊరెళ్లాను. మాది ప్రకాశం జిల్లా, ఒంగోలుకి పడమరగా గంటన్నర దారి. వెళ్లాను గానీ కొట్టు మీదికి పోలేదు. ఎందుకు పోలేదో చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. ఈ గోమార్లని మందుకి లొంగకుండా తయారు చేసింది ఎక్కువగా మనమే, మన గొడ్ల చావిళ్లలోనే. కల్తీ అని కొట్టువాడి మీద పడితే ఆ సంగతి ఇంకో పదేళ్లు మరుగున పడి ఉంటుంది. ఇది ఒప్పుకోవడానికి నాకే చాలా రోజులు పట్టింది. నాన్న ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు.

పూజగది కిటికీలో ఐదు సీసాలు

ఇంట్లో రెండు సంకరజాతి ఆవులు, ఒక గేదె. ఒకటి జెర్సీ పోలిక ఎర్రావు, ఇంకోటి నల్లమచ్చల హెచ్.ఎఫ్., అంటే హోల్‌స్టీన్ ఫ్రీజియన్ అనే సీమజాతి పోలిక. ఆదివారం పొద్దున నాన్న మందు కలుపుతుంటే పక్కన నిలబడి చూశాను. ప్లాస్టిక్ బక్కెట్టు నిండా నీళ్లు, అందులో సీసా మూతెడు మందు, కట్టెపుల్లతో ఒక తిప్పు. గోనెపట్టా ముక్క ముంచి మూడింటికీ వీపూ పక్కలూ తుడిచాడు. చెవుల లోపల, తోక కింద, పొదుగు మడతల్లో, తొడల సందులో చెయ్యి పెట్టనివ్వదని వదిలేశాడు. గోమార్లు ఎక్కువగా ఉండేది సరిగ్గా ఆ చోట్లలోనే.

"ఎంత వేశావు నాన్నా?" అంటే "మూతెడు" అన్నాడు. ఎన్నేళ్లుగానో మూతెడే. సిరంజితో కొలిస్తే మూతకి పట్టింది నాలుగున్నర ఎం.ఎల్. లీటరు నీళ్ల సీసాతో నింపి చూస్తే బక్కెట్టుకి పదిహేను లీటర్లు. మందు డెల్టామెత్రిన్. సీసా మీద చీమతలకాయలంత అక్షరాల్లో రాసి ఉన్న లెక్క లీటరుకి 2 ఎం.ఎల్. అంటే బక్కెట్టుకి 30 పడాలి. పడుతున్నది అందులో ఆరో వంతు కూడా లేదు.

"అయితే తప్పు నాదేనంటావా" అని మొహం మాడ్చుకున్నాడు. కేసు అక్కడితో తేలిపోయిందనే అనుకున్నాను నేను. తేలలేదు.

నాతో పదో తరగతి చదివిన ఒకడు పశువుల డాక్టరయ్యాడు. వాడికి ఫోన్ చేసి సంగతి చెబితే నవ్వి, "మోతాదు సరిచేసినా చస్తాయో లేదో నువ్వే చూసుకో, పెద్ద కష్టమేం కాదు" అని పద్ధతి చెప్పాడు. రక్తం తాగి ఉబ్బిన ఆడ గోమార్లని యాభై ఏరాను. రెండు రోజులు పట్టింది, పక్కింటి బాబాయి గొడ్ల మీద కూడా వెతుక్కోవాల్సొచ్చింది. పదేసి చొప్పున ఐదు భాగాలు. ఒక పదింటిని ఉత్త నీళ్లలో ముంచాను. ఇంకో పదింటిని నాన్న కలిపిన మూతెడు మందులో. మూడో పదింటిని అదే సీసా మందు సరైన పాళ్లలో కలిపిన నీళ్లలో. నాలుగో దానికి ఒంగోలు వెళ్లి వేరే కొట్లో, వేరే కంపెనీది కొత్త డెల్టామెత్రిన్ సీసా తెచ్చాను. ఐదోది అమిట్రాజ్, అది వేరే జాతి మందు. ఐదేసి నిమిషాలు ముంచి, కాగితం మీద ఆరబెట్టి, ఐదు జాం సీసాల్లో వేసి, మూతికి పలచని గుడ్డ కట్టి రబ్బరు బ్యాండు వేశాను. ఎండ పడని చోటు ఇంట్లో పూజగది కిటికీ ఒక్కటే. "లక్షణంగా ఉంది, దేవుడి పక్కన గోమార్లని పెంచు" అని అమ్మ అన్నది. అంటూనే రోజూ పొద్దున దీపం పెట్టి సీసాల వంక ఒకసారి చూసేది.

గోమారి గుడ్లు పెట్టడం ఎప్పుడైనా చూశారా? నేను చూడలేదు, ముప్పై తొమ్మిదేళ్లొచ్చినా, ఆ చావిడి పక్కనే పుట్టి పెరిగినా. మూడు నాలుగు రోజులు చిక్కుడుగింజలా కదలకుండా పడి ఉంటుంది. తర్వాత కింది నుంచి ఒక్కొక్క గుడ్డే బయటికొస్తుంది, దాన్ని తల దగ్గరికి తీసుకుని, మైనంలాంటిది పూసి, ముందుకి నెడుతుంది. గసగసాలంత సైజు, బెల్లం రంగు, తడి మెరుపు. వాన పడ్డా ఎండ కాసినా లోపలిది ఆరిపోకుండా ఆ పూత. రోజు రోజుకీ తల్లి ముడుచుకుపోతుంది, ముందున్న కుప్ప పెరుగుతుంది. పదో రోజుకి తల్లి ఎండుద్రాక్షలా అయిపోయింది, కుప్ప తల్లికంటే పెద్దదైంది. ఒక్కో దానికి రెండు మూడు వేల గుడ్లుంటాయి. అసహ్యం వేస్తుందనుకున్నాను గానీ, నిజం చెప్పాలంటే కళ్లు తిప్పుకోలేకపోయాను.

లెక్క ఇదీ. ఉత్త నీళ్ల సీసాలో పదికి పదీ గుడ్లు పెట్టాయి. నాన్న మూతెడు మందులో కూడా పదికి పది. సరైన మోతాదులో ఏడు. ఒంగోలు నుంచి తెచ్చిన కొత్త సీసాలో ఎనిమిది. అమిట్రాజ్‌లో రెండే, అవీ చిన్న చిన్న కుప్పలు.

పది పది గోమార్లతో శాస్త్రం తేలదని నాకు తెలుసు. ల్యాబుల్లో ఇంకా పద్ధతిగా చేస్తారు: మందు పట్టించిన కాగితం పొట్లంలో పిల్ల గోమార్లని వంద దాకా వేసి, ఇరవై నాలుగు గంటలాగి చచ్చినవెన్నో లెక్కపెడతారు. అలా చేసిన పరిశోధనల్లో డెల్టామెత్రిన్‌కి లొంగని గోమార్లు పంజాబు, గుజరాత్ నుంచి తమిళనాడు, కేరళ దాకా దొరికాయి. మా చావిడి లోకానికి భిన్నంగా ఎందుకుంటుంది? కల్తీ సంగతే తీసుకుంటే, రెండు ఊళ్లలో, రెండు కొట్లలో, రెండు కంపెనీల సీసాలు రెండూ కల్తీవై, రెండూ దాదాపు ఒకే పాళ్లలో కల్తీవై ఉండాలి. నేను రోజూ లెక్కలు చూసేవాణ్ణి. ఇలాంటి కాకతాళీయం నా పుస్తకాల్లో కనబడితే మళ్లీ మొదటి నుంచీ కూడతాను.

విత్తనం కట్టడం

ఊళ్లో కల్తీ మాట కాకపోతే వినబడే ఇంకో మాట, "గోమార్లకి మందు అలవాటైపోయింది" అని. తాగుబోతుకి సారా అలవాటైనట్టు. ఆ మాట అంతా వాడతారు, చదువుకున్నవాళ్లూ వాడతారు, అదే చిక్కు. ఏ గోమారికీ మందు అలవాటు కాదు. మందు తగిలినప్పుడు చస్తుంది, లేదా పుట్టుకతోనే చావని గుణం ఉంటే బతుకుతుంది. బతికింది గుడ్లు పెడుతుంది.

డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటివి (పైరిత్రాయిడ్లంటారు ఈ కుటుంబాన్ని) నరం మీద పనిచేస్తాయి. నరంలో సోడియం వెళ్లే చిన్న తలుపులుంటాయి, తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. మందు వెళ్లి ఆ తలుపుని మూసుకోనివ్వదు, గోమారి గిలగిల కొట్టుకుని చస్తుంది. ఏ తరంలోనో ఒకదానికి ఆ తలుపు చెక్క ఒక్క చోట మారి పుడుతుంది. అక్కడ మందుకి పట్టు దొరకదు. ఇంకొన్నిట్లో ఒంట్లోనే మందుని విరిచి పారేసే రసాలు ఎక్కువగా ఊరతాయి. డి.డి.టి. పనిచేసేది కూడా ఆ సోడియం తలుపు మీదే, అంటే ఒకప్పటి ఆ మందుకి లొంగని గుణమే ఇప్పటి మందుకీ పనికొచ్చిందన్నమాట. అమిట్రాజ్ తట్టేది వేరే తలుపు. అందుకే మా ఐదో సీసా వేరే ఫలితం చూపించింది.

నాన్నకి ఈ తలుపుల కథ ఎక్కలేదు. ఎక్కింది ఇంకోటి. మా తాత జొన్న కోతప్పుడు చేలో తిరిగి మంచి కంకులు ఏరి, విడిగా కట్ట కట్టి, దూలానికి వేలాడదీసేవాడు, వచ్చే ఏటి విత్తనానికి. "ఆదివారం ఆదివారం నువ్వు చేసేది అదే నాన్నా. చచ్చేవాటిని చంపేసి, చావనివాటిని విత్తనానికి కడుతున్నావు." కాసేపు ఏం మాట్లాడలేదు. గడ్డి సర్దుతూ సర్దుతూ, "మా నాయన ఏడాదికి ఒక్కసారే కట్టేవాడు" అన్నాడు.

మూతెడు మందుతో వచ్చే నష్టం కూడా ఇక్కడే అర్థమవుతుంది. ఆ గుణం తల్లి వైపు నుంచీ తండ్రి వైపు నుంచీ రెండు పక్కలా వచ్చినవి మొండివి. ఒక్క పక్క నుంచే వచ్చినవి అరమొండివి. పూర్తి మోతాదు పడితే అరమొండివి చాలావరకు చస్తాయి. పలచటి మందుకి అవి బతికి, ఒకదానితో ఒకటి జతకట్టి, రెండు పక్కలా ఉన్న మొండివాటిని కంటాయి. మొదట్లో ఆ గుణం ఉన్నవాటిలో ఎక్కువగా ఉండేవి అరమొండివే. వాటిని చంపకుండా వదిలేస్తే కథ త్వరగా ముగుస్తుంది.

ఇది మా ఊరి వింతేం కాదు. ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రైతులు పశువుల్ని ఆర్సెనిక్ కలిపిన తొట్లలో ఈదించేవాళ్లు. 1930ల్లో అది పని చెయ్యడం మానేసింది. డి.డి.టి. తెచ్చారు, 50ల్లో అదీ మానేసింది. ఆర్గానోఫాస్ఫేట్లనే ఇంకో జాతి మందులు 60ల్లో, పైరిత్రాయిడ్లు 80ల్లో. బ్రెజిల్‌లో ఐవర్‌మెక్టిన్ రకం సూదిమందులకి లొంగనివి 2000 తర్వాత బయటపడ్డాయి. అసలు చంపకుండా పెరుగుదల ఆపేసే ఫ్లువజురాన్‌కి కూడా లొంగనివాటిని 2014లో కనుక్కున్నారు. మన దగ్గర గమాక్సిన్ పొడి 1997లో నిషేధమైంది గానీ, పాత డబ్బా ఒకటి మా అటక మీద ఇంకా ఉంది. అమ్మ పారెయ్యనివ్వదు, చీమలకి పనికొస్తుందట. దాని సంగతి ఇంకోసారి.

87

నాన్నతో మాట్లాడుతుండగా నేను ఊహించని చోటికి వెళ్లాం. "ఇదే మాట పత్తప్పుడూ అన్నార్లే" అన్నాడు ఉన్నట్టుండి.

1987-88 పత్తి సంగతి మా జిల్లా వాళ్లకీ గుంటూరు వాళ్లకీ నేను చెప్పనక్కర్లేదు. 80ల మొదట్లో ఈ పైరిత్రాయిడ్లు వచ్చినప్పుడు మందు కొడితే పురుగు ఆకు మీదే మాడిపోయేదని నాన్న ఇప్పటికీ కథలా చెప్తాడు. ముందు తెల్లదోమ ముంచింది. 87లో పచ్చపురుగు. ఆ ఏడు నాన్న ఐదెకరాల పత్తికి పద్దెనిమిది సార్లు మందు కొట్టాడు. చిట్టాపుస్తకంలో తేదీలు, బాకీలు వరసగా ఉన్నాయి, చివరి నాలుగు పేజీలు ఒకే కొట్టు పేరు మీద. అప్పులపాలై ఆ రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మా ఇంట్లో ఎడ్ల జత పోయింది. నాకు ఊహ తెలియని రోజులు. తెల్లటి ఒంగోలు ఎడ్లని వేరే ఊరివాళ్లు తోలుకుపోతుంటే అమ్మ తలుపు వేసుకుని కూర్చుందని మాత్రం విన్నాను.

అప్పుడు కూడా ఊరంతా అన్న మాట కల్తీ మందు అనే. తర్వాత ఈ ప్రాంతం పురుగుల్ని ల్యాబులో పరీక్షించి చూస్తే సైపర్‌మెత్రిన్‌కి లొంగకుండా మారాయని తేలింది. ఇప్పుడు మా ఆవు చెవి మీద పడుతున్నది ఆ కుటుంబం మందే. ఒకే ఇంట్లో, ఒకే మనిషి చేతిలో, దాదాపు నలభై ఏళ్ల తేడాతో ఒకే కుటుంబం మందు రెండుసార్లు ఓడిపోయింది. రెండుసార్లూ నెపం కల్తీ మీద పడింది.

కల్తీ లేదనడం లేదు. అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది, బిల్లు ఇవ్వని కొట్లు మా మండలంలోనే లెక్కలేనన్ని. నాకు అభ్యంతరం ఆ మాట చేసే పని మీద. కల్తీ అనగానే ఒక దొంగ దొరుకుతాడు, మనం బాధితులమవుతాం, ఇంకో కొట్లో ఇంకో సీసా కొనడమే పరిష్కారమవుతుంది. కొట్టువాడికి కూడా ఇందులో పోయేదేం లేదు. తిట్టించుకుని, "అయితే ఇది వాడండి, కొంచెం ఘాటు" అని పై రేటుది ఇస్తాడు.

"అయితే కొట్టొద్దంటావా?"

నాన్న ఈ ప్రశ్న మూడుసార్లు అడిగాడు. మూడుసార్లూ నా దగ్గర సరైన జవాబు లేదు.

ఎందుకంటే పూర్తి మోతాదు కొట్టినా అది కూడా విత్తనం కట్టడమే. మొండివి ఇప్పటికే ఎక్కువైపోయిన చోట సరైన మోతాదు వాటినే ఇంకా శుభ్రంగా ఏరి పెడుతుంది. మా మూడో సీసాలో బతికిన ఏడూ అలాంటివే. కాబట్టి "కొలిచి వాడండి" అని ఒక సలహా పారేసి చేతులు దులుపుకోవడం నిజాయితీ కాదు. కొలిచి వాడాలి, తక్కువసార్లు వాడాలి, పని చెయ్యని జాతి మందుని పక్కన పెట్టాలి. రెండోదే అన్నిటికంటే కష్టం.

కష్టం ఎందుకంటే భయం. పక్కింటి బాబాయి ఆవు పోయిన వేసవిలో గోమార్లు అంటించే థైలేరియా జబ్బుతో చచ్చిపోయింది. ఈనిన నెలకి. 106 డిగ్రీల జ్వరం, జబ్బ ముందర గడ్డ నిమ్మకాయంత వాచింది, మేత మానేసింది. మొదట ఎండదెబ్బ అనుకుని రెండు రోజులు పోగొట్టారు. అసలు ఇంజక్షన్ తెచ్చేసరికి కళ్లు తెల్లగా పాలిపోయాయి. ఆ ఆవు మీద బ్యాంకు బాకీ ఇంకా ఉంది. అది చూసిన మనిషికి "గోమార్లని మరీ అంతగా చంపకు, మందు బలం మిగలాలి" అని చెబితే వింటాడా? నేనైతే వినను.

కానీ ఆ థైలేరియాని తెచ్చే గోమారి వేరు. రక్తం తాగి దిగిపోయి గోడ పగుళ్లలో దాక్కుని, చర్మం మార్చుకుని, మళ్లీ ఎక్కే రకం అది. ఒకే ఆవు మీద పిల్ల నుంచి తల్లి దాకా ఎదిగేది ఇంకో రకం, దానికి ఆ ఎదుగుదలకి మూడు వారాలు పడుతుంది. ఏ రకమైనా, ఏ రోజు చూసినా ఆవు మీద కనబడేవి కొన్నే. మిగతాదంతా గుడ్లుగా, పిల్లలుగా గోడల్లో, పెండ దిబ్బ పక్కన, గడ్డి వాము అడుగున ఉంటుంది. ఆ పిల్లలు తిండి లేకుండా నెలల తరబడి కాచుకుంటాయి. ప్రతి ఆదివారం ఆవుని తుడవడం పొంగే కుండ మీద నురగ తీసినట్టే. మా చావిడి వెనక గోడ మట్టిది, నా అరచెయ్యి పట్టేంత పగుళ్లు. అక్కడ పుల్ల పెట్టి గీకితే రాలినవి చూసి నాన్నే వెనక్కి గెంతాడు. ఏడేళ్లుగా మందుకి పోసిన డబ్బులో పదో వంతుతో ఆ గోడ మెత్తి సున్నం కొట్టించవచ్చు. ఇది ఎవరికీ తెలియని రహస్యం కాదు. పాత రోజుల్లో ఉగాదికి ముందు చావిడి అలికి సున్నం వేసేవాళ్లు. సీసా మందు వచ్చాక గోడ సంగతి మర్చిపోయాం.

ఇంకో సందేహం నన్ను చాలా రోజులు పీడించింది. నేను మొదట్లో దీన్ని బోరు నీళ్లతో పోల్చేవాణ్ణి: బోరు ఎవరిది వాళ్లదే, కింద నీళ్లు మాత్రం ఊరందరివీ, మందు బలం కూడా అంతే అని. డాక్టరు మిత్రుడు ఆ పోలికని పట్టుకున్నాడు. "మీ ఆవులు చావిడి దాటి కదలవు గదరా, ఇక ఊరుమ్మడి ఏముంది? మీ గోమార్లు మీరు పెంచుకున్నవే." నిజమే, కట్టేసిన గొడ్ల మీద గోమార్లు చాలావరకు ఆ ఇంటివే. దాంతో నా ఉపమానం సగం కూలింది. మిగిలిన సగం సంతలో ఉంది. మా ఎర్రావు కర్ణాటకలోని చింతామణి నుంచి లారీలో వచ్చింది, బాబాయి కొత్త ఆవు ఇంకో జిల్లా నుంచి. ఆవుతో పాటు అక్కడి మందులన్నీ తట్టుకుని బతికిన గోమార్లు కూడా ఉచితంగా దిగాయి. కొన్న ఆవుని పది రోజులు విడిగా కట్టేసి, పని చేసే మందు పట్టించి, శుభ్రమయ్యాకే మిగతావాటితో కలపాలన్న ఇంగితం మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. దిష్టి తీశాం, పసుపు కుంకం పెట్టాం, నేరుగా చావిట్లో కట్టేశాం.

అమెరికాలో ఒకే ఆవు మీద ఎదిగే రకం గోమారిని నిజంగానే తరిమేశారు. 1906లో మొదలుపెట్టి 1943 నాటికి, మెక్సికో సరిహద్దు వెంబడి ఒక పట్టీ తప్ప దేశమంతా. ఆర్సెనిక్ తొట్లలో, ఊళ్లో ప్రతి పశువునీ, రెండేసి వారాలకోసారి, చట్టం పెట్టి, బలవంతంగా. కోపమొచ్చిన రైతులు కొన్నిచోట్ల ఆ తొట్లని డైనమైట్ పెట్టి పేల్చేశారు కూడా. మందు ఎక్కువ వాడటం తప్పంటున్న నాకు ఇది ఎదురు సాక్ష్యమే, దాచను. అయితే అక్కడ పని చేసింది అందరూ ఒకే రోజు, ఒకే పాళ్లలో, ఒక్క దూడని కూడా వదలకుండా చెయ్యడం. మా వీధిలో నలుగురు ఒకే ఆదివారం చావిడి కడుగుదామంటే నాలుగు పంచాయితీలవుతాయి.

"మరి సూదిమందు వేయించుకుంటే పోలా?" అన్నాడు వీధిలో ఒకాయన. ఐవర్‌మెక్టిన్. నిజమే, చాలా తేలిక. కానీ అది పాలలోకి దిగుతుంది. పాలకేంద్రంలో చూసేది వెన్నశాతం, ఎస్.ఎన్.ఎఫ్. (వెన్న కాని గట్టి పదార్థం), అంతే. ఆ పాలతో పొద్దున నేను హైదరాబాదులో టీ తాగుతున్నానేమోనన్న ఆలోచన అప్పట్నుంచీ వదల్లేదు. ఇక పొగాకు. మాది పొగాకు నేల గదా, కాడలు నానబెట్టిన నీళ్లు పట్టించడం పాత అలవాటే. ఒకసారి చిక్కటి నీళ్లు పట్టిస్తే దూడ నురగలు కక్కి వణికిపోయిందని అమ్మ చెప్పింది. చెట్టు నుంచి వచ్చింది గనక మంచిదే అనే వాళ్లకి ఆ దూడని చూపించాలి. వేపనూనె, సీతాఫలం గింజల గురించి నాకు అంత వ్యతిరేకత లేదు. అవి మందుకి బదులు కావు, మందు కొట్టాల్సిన ఆదివారాలు కొన్ని తగ్గిస్తే చాలు.

తెల్ల ఎడ్లు పోయిన దారి

ఈ మాట ఎత్తగానే కామెంట్లలో ఎవరో ఒకరు "నాటు ఆవుని పెంచండి, గోమారే ఉండదు" అంటారు. అందులో నిజం ఉంది. మూపురం ఉన్న జాతుల మీద గోమారి కాలూనడం కష్టం. మా జిల్లా కేంద్రం పేరు పెట్టుకున్న ఒంగోలు ఆవు అందులో ముందు వరస. మా ఒంగోలు గొడ్లే నెల్లూరు పేరుతో బ్రెజిల్ వెళ్లి అక్కడ నెలోర్ అయ్యాయి. 1960ల మొదట్లో వెళ్లిన కరవది అనే ఆంబోతు సంతతి అక్కడి మాంసం మందల్లో విస్తరించింది. అదే బ్రెజిల్‌లో సీమ రక్తం ఉన్న పాడి మందల్ని గోమారి పీల్చేస్తోంది. మొత్తం పశువుల మీద ఈ ఒక్క పురుగు వల్ల ఏటా 300 కోట్ల డాలర్లకు పైగా నష్టమని అక్కడి శాస్త్రవేత్తలు 2014లో లెక్క వేశారు. మనం గోమారిని తట్టుకునే ఆవుని పంపించి, గోమారికి విందయ్యే ఆవుని తెచ్చుకున్నాం అని నాన్న ముందు గొప్పగా అన్నాను. "ఆ విందయ్యే ఆవే నీ కాలేజీ ఫీజు కట్టింది" అన్నాడు.

ఆ దెబ్బకి నేను మాట్లాడలేదు. పూటకి రెండు లీటర్లిచ్చే ఒంగోలు ఆవుతో పాలకేంద్రానికి పోసి బతకమని డెబ్బయ్యేళ్ల మనిషికి చెప్పే అర్హత నాకు లేదు. క్వీన్స్‌లాండ్‌లో సాహివాల్‌ని ఫ్రీజియన్‌తో కలిపి గోమారిని తట్టుకునే పాడి జాతిని కట్టారు, తరాలు పట్టింది. ఆస్ట్రేలియాలో, క్యూబాలో 90ల్లోనే గోమారికి టీకా వచ్చింది. టీకా వేసిన ఆవు రక్తం తాగితే గోమారి పేగు చిట్లిపోతుంది. మా పశువుల ఆసుపత్రిలో అడిగితే అలాంటిదొకటి ఉందని కూడా వినలేదన్నారు.

అయితే ఆ రెండు వారాల్లో ఏరిన యాభై గోమార్లలో ఒక సంగతి పట్టుకున్నాను. పక్కపక్కనే కట్టేసిన రెండు ఆవుల్లో నల్లమచ్చల దాని మీద దొరికినవి ఎర్రావు మీదకంటే మూడింతలు. ఒకే గోడ, ఒకే మేత, ఒకే మూతెడు మందు. "దాని తల్లి కూడా అంతే, చెవులు ఊరికే గోక్కునేది" అన్నది అమ్మ, పాలు పితుకుతూ, నా వైపు చూడకుండానే. ఏ ఆవు పెయ్యని ఉంచుకోవాలి, ఏది అమ్మాలి అన్న లెక్కలో పాల లీటర్లతో పాటు ఇదీ రాసుకోవచ్చని నాకు అప్పుడు తోచింది. రాసుకునే పుస్తకం అమ్మ తలకాయలోనే ఉంది, ఎవరూ అడగలేదు.

నేను వచ్చేసే ముందు సీసాల్లో ఉన్నవన్నీ గుడ్లతో సహా పొయ్యిలో వేసి కాల్చేశాం. చిటపటలాడాయి. డెల్టామెత్రిన్ సీసాలు రెండూ పక్కన పెట్టించాను. అమిట్రాజ్ కొలిచి, చేతిపంపుతో పొదుగు మడతలు, చెవుల లోపల తడిసేలా ఆవుకి మూడు నాలుగు లీటర్లు, మూడు వారాలకోసారి అని గోడ మీద బొగ్గుతో తేదీలు రాశాను. మా పరీక్షలో ఆ మందుకీ రెండు బతికాయి. నాన్న అది మర్చిపోలేదు, "దీనికెన్నాళ్లు?" అన్నాడు. నాకు తెలియదన్నాను. గోడ పని సంక్రాంతికి మొదలైంది. అమ్మ నాలుగు కోడిపెట్టల్ని చావిట్లో వదిలింది. అవి పొద్దున్నే ఆవుల కాళ్ల సందుల్లో దూరి ఏరుకు తింటాయి. ఎర్రావు నిలబడి ఏరించుకుంటుంది, నల్లది తంతుంది.

పోయిన వారం వీడియో కాల్‌లో నాన్నతో మాట్లాడుతుంటే బాబాయి వచ్చాడు, చేతిలో కొత్త సీసా. "ఇది వేరే మందంటరా అబ్బాయ్, ఇంతవరకూ ఈ చుట్టుపక్కల ఎవరూ వాడలేదంట. దెబ్బకి రాలిపోతాయంట." నాన్న కళ్లజోడు సర్దుకుని సీసా అటూ ఇటూ తిప్పి, "బక్కెట్టుకి ఎన్ని ఎం.ఎల్. అన్నాడు?" అని అడిగాడు.

బాబాయి మూత విప్పి ఫోనుకి దగ్గరగా పెట్టి చూపించాడు.